గుణిస్తే వాట్లు, భాగిస్తే ఓమ్‌లు: ఆ రెండు అంకెలు ఎక్కడివి?

ఒక ఫిలమెంటు బల్బు మీద "230 వోల్టులు, 60 వాట్లు" అని రాసి ఉందనుకుందాం. 60ని 230తో భాగిస్తే అందులో పారే కరెంటు 0.26 ఆంపియర్లు అని తేలుతుంది. వోల్టేజిని ఆ కరెంటుతో భాగిస్తే నిరోధం సుమారు 880 ఓమ్‌లు వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. అదే బల్బును హోల్డరు నుంచి తీసి, బాగా చల్లారాక మల్టీమీటరుతో కొలిస్తే మాత్రం 65 ఓమ్‌ల చుట్టుపక్కల అంకె కనిపిస్తుంది. ఒకే బల్బు, ఒకే తీగ, రెండు జవాబుల మధ్య పదమూడు రెట్ల తేడా.

ఈ తేడా చూసినవారు మీటరు పాడైందనుకుంటారు, లేదా సూత్రం మీదే అనుమానపడతారు. నిజానికి రెండు జవాబులూ సరైనవే. వెలుగుతున్న టంగ్‌స్టన్ తీగ ఉష్ణోగ్రత సుమారు 2,400 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. లోహం వేడెక్కేకొద్దీ అందులోని పరమాణువుల కంపనం పెరుగుతుంది, ఎలక్ట్రాన్ల కదలికకు అడ్డు ఎక్కువవుతుంది, దాంతో నిరోధం పెరుగుతుంది. మల్టీమీటరు కొలిచింది చల్లని తీగను. భాగహారం లెక్కగట్టింది తెల్లగా కాలుతున్న తీగను. స్విచ్ వేసిన మొదటి క్షణంలో తీగ ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి ఆ క్షణపు కరెంటు కావాలంటే 230ని 65తో భాగించాలి. మూడున్నర ఆంపియర్లు వస్తుంది! సెకనులో చిన్న వంతు సేపే ఉండే ఈ ఉరవడిని తట్టుకోలేకనే, పాతబడి సన్నగిల్లిన ఫిలమెంటు తరచూ స్విచ్ వేసిన క్షణంలో తెగిపోతుంది.

వోల్టేజి, కరెంటు తెలిసినప్పుడు నిరోధం (ఎన్ని ఓమ్‌లు), సామర్థ్యం (ఎన్ని వాట్లు) కనుక్కోవడం హైస్కూలు లెక్క. ఒకసారి భాగించాలి, ఒకసారి గుణించాలి, అంతే. కష్టమంతా ఆ రెండు అంకెలు ఎక్కడివో, ఎప్పటివో తెలుసుకోవడంలో ఉంది. ఏ భాగపు రెండు కొసల మధ్య ఆ వోల్టేజి ఉంది? ఆ కరెంటు సరిగ్గా ఆ భాగం గుండానే పోతోందా? రెండూ ఒకే సమయంలో, ఒకే స్థితిలో కొలిచినవేనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా చేసిన లెక్కకు ఎన్ని దశాంశ స్థానాలున్నా విలువ లేదు.

గుణకారం, భాగహారం ఒకే తూకానివి కావు

ముందు ప్రమాణాలను చూస్తే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. ఒక కూలుంబు విద్యుత్ ఆవేశం రెండు బిందువుల మధ్య కదిలినప్పుడు ఒక జౌలు శక్తి మారితే, ఆ బిందువుల మధ్య వోల్టేజి ఒక వోల్టు. సెకనుకు ఒక కూలుంబు ఆవేశం ప్రవహిస్తే కరెంటు ఒక ఆంపియరు. ఒకటి కూలుంబుకు ఇన్ని జౌళ్లని చెబుతుంది, ఇంకొకటి సెకనుకు ఇన్ని కూలుంబులని చెబుతుంది. రెండింటినీ గుణిస్తే కూలుంబు ఎగిరిపోయి సెకనుకు ఇన్ని జౌళ్లు మిగులుతాయి. దాని పేరే వాట్.

ఇందులో తీగ ఏ లోహానిదన్న ప్రస్తావన లేదు, ఉష్ణోగ్రత ప్రస్తావన లేదు. శక్తి నిత్యత్వం ఒక్కటే ఆధారం. అందుకే "సామర్థ్యం = వోల్టేజి × కరెంటు" అనే సంబంధం హీటరుకూ, మోటారుకూ, చార్జ్ అవుతున్న బ్యాటరీకీ, మెరుపుకూ కూడా ఏ క్షణానికి ఆ క్షణం వర్తిస్తుంది. ఆ శక్తి వేడిగా మారిందా, వెలుగుగా మారిందా, చక్రం తిప్పిందా, రసాయనంగా నిల్వ అయిందా అన్నది గుణకారం చెప్పదు. ఎంత వేగంగా శక్తి అందుతోందో మాత్రమే చెబుతుంది.

భాగహారం సంగతి వేరు. "నిరోధం = వోల్టేజి ÷ కరెంటు" అనేది నిరోధానికి నిర్వచనం. ఏ వస్తువుకైనా ఈ భాగహారం చేయవచ్చు, ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె వోల్టేజి మారినా మారకుండా నిలుస్తుందని చెప్పేదే ఓమ్ నియమం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు లోహాలు దీన్ని చాలా కచ్చితంగా పాటిస్తాయి. కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే డయోడు పాటించదు. వేడెక్కిపోయే ఫిలమెంటు పాటించదు. నిర్వచనాన్ని, నియమాన్ని ఒకటిగా కలిపేసి బోధించడం వల్లే విద్యార్థులు ప్రతి వస్తువుకూ ఒక నిరోధం పుట్టుకతో అచ్చుపడి ఉంటుందని నమ్ముతారు. ఈ విషయంలో పాఠాలు చెప్పే తీరు మారాల్సిందే.

జార్జ్ సైమన్ ఓమ్ స్వయంగా ఎదుర్కొన్న చిక్కు కూడా ఇలాంటిదే. 1820ల్లో ఆయన తొలి ప్రయోగాలకు వాడింది రసాయన ఘటాలు. కరెంటు తీసుకునేకొద్దీ వాటి వోల్టేజి జారిపోయేది. ఒక తీగను పరీక్షించి ఇంకో తీగకు వచ్చేసరికి కరెంటు ఇచ్చే ఆధారమే మారిపోయి ఉండేది. అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే మరో శాస్త్రవేత్త సలహాతో ఓమ్ రసాయన ఘటాలను వదిలి, రాగి, బిస్మత్ లోహాలను అతికించిన ఉష్ణయుగ్మాన్ని, అంటే రెండు అతుకుల ఉష్ణోగ్రతల తేడాతో వోల్టేజి పుట్టించే జతను, తీసుకున్నాడు. ఒక అతుకును మరిగే నీటిలో, రెండో దాన్ని మంచులో ఉంచాడు. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు కాబట్టి వోల్టేజి కూడా చిన్నదే అయినా నిలకడగా ఉంది. కరెంటును వేలాడదీసిన అయస్కాంత సూది మెలికతో కొలిచాడు. వేర్వేరు పొడవుల రాగి తీగలను ఒక్కొక్కటిగా వలయంలో పెట్టి చూస్తే, తీగ పొడవుకు ఆధారం లోపలి నిరోధాన్ని కూడా కలిపి లెక్కిస్తేనే కరెంటు అంకెలు సరిపోయాయి.

ఆ ఫలితాలను 1826లో, పూర్తి గణిత రూపంలో 1827లో ప్రచురించాడు. తోటివారి నుంచి వెంటనే గుర్తింపు రాకపోగా నిరాదరణ ఎదురైంది. లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది 1841లో. ఆయన సాధించినదాన్ని ఒక సమీకరణంగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. ఒక రాశిని కదలకుండా పట్టి ఉంచనిదే ఇంకో రెండింటి సంబంధం బయటపడదని గ్రహించి, దానికి తగిన ఆధారాన్ని వెతికి పట్టుకోవడంలోనే ఆ ప్రయోగం గొప్పతనం ఉంది.

నిరోధం పెరిగితే సామర్థ్యం పెరుగుతుందా, తగ్గుతుందా?

కరెంటు వల్ల తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి, నిరోధానికి అనులోమంగా ఉంటుందని 1840-41 నాటికి జేమ్స్ జౌల్ కొలిచి చూపాడు. గుణకార సూత్రంలో వోల్టేజి స్థానంలో "కరెంటు × నిరోధం" రాస్తే జౌల్ కనుక్కున్నదే వస్తుంది: సామర్థ్యం = కరెంటు వర్గం × నిరోధం. కరెంటు స్థానంలో "వోల్టేజి ÷ నిరోధం" రాస్తే మూడో రూపం వస్తుంది: సామర్థ్యం = వోల్టేజి వర్గం ÷ నిరోధం.

ఈ రెండు రూపాలను పక్కపక్కన పెడితే మొదటిసారి చూసేవారు ఆగిపోతారు. ఒకదానిలో నిరోధం పైన ఉంది, ఇంకోదానిలో కింద ఉంది. నిరోధం పెరిగితే వాట్లు పెరగాలా, తగ్గాలా? జవాబు వలయంలో ఏది స్థిరంగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. గోడ సాకెట్‌కు విడివిడిగా తగిలించిన పరికరాలన్నిటికీ వోల్టేజి ఒకటే. అక్కడ తక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ సామర్థ్యం లాగుతుంది. ఒకదాని వెనక ఒకటిగా శ్రేణిలో కలిపినవాటిలో కరెంటు ఒకటే. అక్కడ ఎక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ వేడెక్కుతుంది.

60 వాట్ల, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండింటిని శ్రేణిలో కలిపి 230 వోల్టులకు పెడితే 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. అంకెల్లో చూస్తే, 60 వాట్ల బల్బు నిరోధం 880, 100 వాట్ల దానిది 530 ఓమ్‌లు. మొత్తం 1,410. కరెంటు 0.163 ఆంపియర్లు. మొదటి బల్బులో 23.4 వాట్లు, రెండోదానిలో 14.1 వాట్లు. నిజంగా కలిపి చూస్తే వ్యత్యాసం ఇంతకంటే ఎక్కువగానే ఉంటుంది. తక్కువ వాట్లు అందిన పెద్ద బల్బు ఫిలమెంటు మరింత చల్లబడి, దాని నిరోధం లెక్కలోకి తీసుకున్న 530 కంటే బాగా కిందికి పడిపోతుంది. అందుకే వోల్టేజిలో దాని వాటా ఇంకా తగ్గుతుంది.

హీటర్ల విషయంలో ఈ ఇబ్బంది పెద్దగా లేదు. వాటిలో వాడే నైక్రోమ్ తీగ ఎర్రగా కాలినా నిరోధం పెరిగేది పది శాతం లోపే. కాబట్టి 230 వోల్టుల దగ్గర 1,500 వాట్ల హీటరుకు 6.52 ఆంపియర్లు, 35.3 ఓమ్‌లు అని లెక్కగట్టి, ఆ ఓమ్‌లను దాదాపు స్థిరమని నమ్మవచ్చు. సరఫరా 200 వోల్టులకు పడిపోతే సామర్థ్యం ఎంత? 200 వర్గాన్ని 35.3తో భాగిస్తే సుమారు 1,134 వాట్లు. వోల్టేజి తగ్గింది 13 శాతం, వేడి తగ్గింది 24 శాతం. వర్గం చేసే పని ఇది. 60 వాట్ల ఫిలమెంటు బల్బుకు ఇదే లెక్క చేస్తే 45 వాట్లు వస్తుంది కానీ, నిజంగా అది లాగేది 48 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. తీగ చల్లబడి నిరోధం కొంత తగ్గడమే అందుకు కారణం.

120 వోల్టుల సరఫరాకు తయారైన 1,000 వాట్ల హీటరును పొరపాటున 230 వోల్టులకు తగిలిస్తే ఏమవుతుందో కూడా ఇదే సూత్రం చెబుతుంది. దాని నిరోధం 14.4 ఓమ్‌లు. కొత్త వోల్టేజి దగ్గర అది 3,670 వాట్లు లాగబోతుంది. తీగ కాలిపోవడమో, ఫ్యూజు ఎగిరిపోవడమో జరగక తప్పదు. 230 వోల్టుల హీటరును 120కి పెడితే మాత్రం ప్రమాదమేమీ లేదు, రాసిన వాట్లలో పావు వంతుకు కాస్త పైన మాత్రమే వస్తుంది.

పదో వంతు ఓమ్ కూడా చిన్నది కాదు

అందరూ తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది. పైన చెప్పిన 1,500 వాట్ల హీటరు ప్లగ్గు సాకెట్‌లో సరిగా కూర్చోలేదనో, సాకెట్ వెనక స్క్రూ వదులైందనో అనుకుందాం. ఆ వదులైన చోట అదనంగా 0.2 ఓమ్ నిరోధం చేరింది. 6.5 ఆంపియర్లను 0.2తో గుణిస్తే అక్కడ తగ్గే వోల్టేజి 1.3 వోల్టులు. 230లో ఇది లెక్కలోకి రాదు. హీటరు యథావిధిగా పనిచేస్తుంది. కానీ ఆ స్క్రూ దగ్గర పుట్టే వేడి 6.5 వర్గం × 0.2, అంటే సుమారు 8.5 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ మొనను వేడెక్కించడానికి సరిపోయేంత సామర్థ్యం అది. అంత వేడి ప్లాస్టిక్ చుట్టి ఉన్న ఇరుకు చోటులో, గంటల తరబడి పుడుతుంటుంది.

వేడికి లోహపు ఉపరితలం ఆక్సీకరణ చెందుతుంది. ఆక్సైడు పొర నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగి 1 ఓమ్ అయితే మొత్తం 36.3 ఓమ్‌లు, కరెంటు 6.3 ఆంపియర్లకు తగ్గుతుంది, ఆ ఒక్క చోట వేడి 40 వాట్లు అవుతుంది. ఇక్కడ అసలు భయపడాల్సింది కరెంటు తగ్గిందన్న మాటకే. ఫ్యూజుకు గానీ, కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే ఎంసీబీ స్విచ్‌కు గానీ తెలిసేది ఎక్కువ కరెంటు ఒక్కటే. సాకెట్ కరిగిపోతున్నా వాటి దృష్టిలో వలయం క్షేమంగా ఉన్నట్టే. ప్లగ్గు తాకితే కాలుతోందంటే, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందంటే, మీటరు అక్కర్లేకుండానే ఈ లెక్క అక్కడ జరుగుతోందని అర్థం. వెంటనే వాడకం ఆపి, దాన్ని మార్పించాలి.

ఈ లెక్కలోనే వోల్టేజి ఎక్కడిదన్న ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది. స్క్రూ దగ్గరి వేడి కోసం 230 వర్గాన్ని 0.2తో భాగిస్తే రెండు లక్షల అరవై నాలుగు వేల వాట్లు వస్తుంది. అర్థం లేని జవాబు. 230 వోల్టులు ఉన్నది మొత్తం వలయం కొసల మధ్య. స్క్రూ కొసల మధ్య ఉన్నది 1.3 వోల్టులే. 1.3 వర్గాన్ని 0.2తో భాగిస్తే మళ్లీ అదే 8.5 వాట్లు వస్తుంది.

దూరాలకు విద్యుత్తు పంపే లైన్ల లెక్కల్లోనూ ఇదే పొరపాటు తరచూ కనిపిస్తుంది. 5 ఓమ్‌ల నిరోధం ఉన్న లైను మీద 10 లక్షల వాట్లు పంపాలనుకుందాం. 10,000 వోల్టుల దగ్గర పంపితే కరెంటు 100 ఆంపియర్లు. లైనులో నష్టం 100 వర్గం × 5, అంటే 50,000 వాట్లు, ఐదు శాతం. లక్ష వోల్టుల దగ్గర పంపితే కరెంటు 10 ఆంపియర్లకు దిగి, నష్టం 500 వాట్లే అవుతుంది. వోల్టేజి పది రెట్లు, నష్టం నూరో వంతు. "వోల్టేజి పెంచితే వోల్టేజి వర్గం ÷ నిరోధం ప్రకారం నష్టం పెరగాలి కదా" అని అడిగేవారు పది వేల వోల్టులను లైను నిరోధం మీద వేస్తున్నారు. లైను పొడవునా తగ్గే వోల్టేజి మొదటి సందర్భంలో 500, రెండో సందర్భంలో 50 మాత్రమే.

కొలిచే సాధనం కూడా వలయంలో భాగమే

అమ్మీటరును శ్రేణిలో, వోల్ట్‌మీటరును సమాంతరంగా కలపాలని అందరికీ తెలుసు. రెండింటినీ ఒకేసారి కలిపినప్పుడు వోల్ట్‌మీటరు అమ్మీటరుకు ఏ వైపున ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. ఒక వైపు పెడితే వోల్ట్‌మీటరు, అమ్మీటరులో తగ్గే వోల్టేజిని కూడా కలుపుకుని చూపిస్తుంది. ఇంకో వైపు పెడితే అమ్మీటరు, వోల్ట్‌మీటరు తాగే కరెంటును కూడా కలుపుకుని చూపిస్తుంది. ఏదో ఒక దోషం తప్పదు. ఏది ఉపేక్షించదగ్గదో చూసి ఎంచుకోవాలి.

కొలవాల్సింది 0.5 ఓమ్, అమ్మీటరు లోపలి నిరోధం 0.05 ఓమ్ అనుకుందాం. 2 ఆంపియర్లు పంపినప్పుడు వోల్ట్‌మీటరు రెండింటినీ కలిపి ఉంటే 1.1 వోల్టులు చూపుతుంది, జవాబు 0.55 ఓమ్. పది శాతం తప్పు. వోల్ట్‌మీటరు తీగలను నేరుగా ఆ నిరోధకం కొసలకే తాకిస్తే 1.0 వోల్టు, 0.5 ఓమ్. మామూలు డిజిటల్ వోల్ట్‌మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది కాబట్టి అది తీసుకునే కరెంటు ఇక్కడ లెక్కలోకి రాదు. కొలవాల్సిందే 5 మెగా ఓమ్‌లైతే కథ తిరగబడుతుంది. 10 మెగా ఓమ్‌ల మీటరును సమాంతరంగా కలపడంతో రెండూ కలిసి 3.33 మెగా ఓమ్‌లవుతాయి, జవాబులో మూడో వంతు మాయమవుతుంది. అక్కడ వోల్ట్‌మీటరు అమ్మీటరుకు అవతల, దాన్ని కూడా కలుపుకుని ఉండటమే మేలు.

మల్టీమీటరులో ఓమ్‌ల స్థానం కూడా లోపల ఇదే భాగహారం చేస్తుంది. తనకు తెలిసిన చిన్న కరెంటును బయటికి పంపి, వచ్చిన వోల్టేజిని చూసి ఓమ్‌లు ప్రకటిస్తుంది. అందుకే సరఫరా ఉన్న వలయంలో నిరోధం కొలవకూడదు. అక్కడ మీటరు పంపని కరెంటు కూడా ఉంటుంది, లెక్క తప్పుతుంది, మీటరు దెబ్బతింటుంది. ఓమ్ కంటే చిన్న నిరోధాలకు ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు, మీటరు తీగల నిరోధమే ఒక్కోసారి 0.2 ఓమ్ ఉంటుంది. కరెంటు పంపడానికి రెండు తీగలు, వోల్టేజి చూడటానికి వేరే రెండు తీగలు వాడే కెల్విన్ పద్ధతిలో ఆ దోషం పోతుంది. వోల్టేజి తీగల్లో కరెంటు దాదాపు లేదు కాబట్టి వాటి నిరోధం ఎంతైనా అక్కడ తగ్గే వోల్టేజి దాదాపు సున్నా.

నిరోధకాన్ని ఎంచుకునేటప్పుడు ఓమ్‌లతో పాటు వాట్లు కూడా చూడాలి. 12 వోల్టుల కొసల మధ్య 100 ఓమ్‌ల నిరోధకం పెడితే కరెంటు 0.12 ఆంపియర్లు, వేడి 1.44 వాట్లు. మామూలుగా దొరికే పావు వాట్ రకం కొద్దిసేపట్లోనే నల్లబడి మాడుతుంది. ఓమ్‌ల లెక్క సరిపోయినంత మాత్రాన నిరోధకం బతకదు.

భాగహారం ఒక్క చోటికే పరిమితమైనప్పుడు

5 వోల్టుల ఆధారానికి ఒక ఎర్ర ఎల్‌ఈడీని కలపాలి. అది వెలుగుతున్నప్పుడు దాని కొసల మధ్య సుమారు 2 వోల్టులు ఉంటుంది, కావాల్సిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు. మిగిలిన 3 వోల్టులను 0.02తో భాగిస్తే శ్రేణిలో పెట్టాల్సిన నిరోధకం 150 ఓమ్‌లు, దానిలో వేడి 0.06 వాట్. ఎల్‌ఈడీకి అందేది 0.04 వాట్. ఇంతవరకు అంతా సవ్యమే.

ఇప్పుడు ఎల్‌ఈడీ నిరోధం ఎంత? 2ను 0.02తో భాగిస్తే 100 ఓమ్‌లు. ఈ అంకెను నమ్మి, శ్రేణి నిరోధకం తీసేసి, నేరుగా 2.5 వోల్టులు ఇస్తే 25 మిల్లీ ఆంపియర్లే పోతాయనుకుంటే ఎల్‌ఈడీ చేతికి దక్కదు. సిలికాన్ డయోడుల్లో వోల్టేజి 60 నుంచి 120 మిల్లీ వోల్టులు పెరిగితే చాలు, కరెంటు పది రెట్లవుతుంది. ఎల్‌ఈడీది కూడా అదే స్వభావం, లోపలి చిన్న నిరోధం కొంత ఆపుతుందంతే. 100 ఓమ్‌లనేది ఆ 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర మాత్రమే నిజం.

ఇలాంటి చోట ఎలక్ట్రానిక్స్‌లో ఇంకో భాగహారం వాడతారు. వోల్టేజిలో వచ్చిన చిన్న మార్పును కరెంటులో వచ్చిన చిన్న మార్పుతో భాగిస్తారు. గది ఉష్ణోగ్రత దగ్గర ఆదర్శ డయోడుకు ఇది సుమారు 26 మిల్లీ వోల్టులను కరెంటుతో భాగించినంత ఉంటుంది. 1 మిల్లీ ఆంపియరు దగ్గర మామూలు భాగహారం 650 ఓమ్‌ల దరిదాపుల్లో చెబుతుంటే, మార్పుల భాగహారం 26 ఓమ్‌లంటుంది. చిన్న సంకేతం అదనంగా వస్తే డయోడు ఎలా స్పందిస్తుందో చెప్పేది రెండోది. వాట్ల కోసం మాత్రం పూర్తి వోల్టేజినే పూర్తి కరెంటుతో గుణించాలి. గుణకారానికి రెండు రకాలు లేవు.

తిరిగే మోటారు, ఊగే వోల్టేజి

230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు (ఏసీ) మీద నడిచే ఒక మోటారు 4 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. భాగిస్తే 57.5 ఓమ్‌లు. సరఫరా తీసేసి వైండింగు నిరోధం కొలిస్తే 5 ఓమ్‌లు. గుణిస్తే 920. వాట్ల మీటరు పెడితే 736 వాట్లు. 230 వర్గాన్ని 5తో భాగిస్తే పది వేల వాట్లు దాటుతుంది! ఈ అంకెలన్నీ వేర్వేరు కథలు చెబుతున్నాయి, వాటిని విడదీయాలి.

మోటారు తిరుగుతున్నప్పుడు దాని చుట్టల్లో సరఫరాను ఎదిరించే వోల్టేజి పుడుతుంది. చుట్ట నిరోధం మీద పడేది 230లో చిన్న భాగమే, 4 × 5 లెక్కన 20 వోల్టులు. వైండింగులో వేడి 4 వర్గం × 5, అంటే 80 వాట్లు. అందిన సామర్థ్యంలో మిగిలినదానిలో ఎక్కువ భాగం ఇరుసును తిప్పుతుంది. ఇరుసు బిగుసుకుపోతే ఆ ఎదురు వోల్టేజి పోతుంది, కరెంటు అమాంతం పెరుగుతుంది. ఐదు రెట్లు పెరిగి 20 ఆంపియర్లయితే వైండింగులో వేడి 25 రెట్లు, అంటే 2,000 వాట్లు అవుతుంది. తిరగకుండా మూలుగుతున్న మోటారును వెంటనే ఆపాలని చెప్పడానికి కారణం ఈ వర్గమే.

920కీ 736కీ తేడా ఎందుకన్నది చివరి ముడి. ఏకాంతర విద్యుత్తులో వోల్టేజి ఊగుతుంటుంది. 230 అనేది అదే నిరోధకంలో అంతే వేడి పుట్టించే స్థిర వోల్టేజికి సమానమైన విలువ, శిఖరం దగ్గర అది 325 వోల్టులు చేరుతుంది. మోటారులో కరెంటు వోల్టేజి కంటే కొంత వెనకబడి ఊగుతుంది. కాబట్టి ప్రతి ఆవృత్తిలో కొద్దిసేపు ఒకటి ధనంగా, ఇంకొకటి ఋణంగా ఉంటాయి. ఆ కొద్దిసేపూ శక్తి మోటారు నుంచి సరఫరాకు తిరిగి వెళుతుంది. క్షణక్షణపు గుణకారం అప్పుడు కూడా నిజమే. కానీ ఆ లబ్ధాల సగటు, 230ని 4తో గుణించగా వచ్చిన దానికంటే తక్కువ. 736ను 920తో భాగిస్తే వచ్చే 0.8నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. 920కి వాట్లు అని పేరు పెట్టకుండా వోల్ట్ ఆంపియర్లు అంటారు. తీగల మందాన్ని మొత్తం 4 ఆంపియర్లకూ చూసుకోవాలి, పని లెక్కకు 736 వాట్లే చూడాలి. 57.5 ఓమ్‌లను నిరోధం అనకూడదు, దాని పేరు అవరోధం (ఇంపీడెన్స్). అందులో వేడిగా మారేదెంత, తిరిగి వచ్చేదెంత అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు.

చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల వంటివి కరెంటును నున్నటి అలగా తీసుకోవు, వోల్టేజి శిఖరం దగ్గర చిన్న విడతలుగా లాగుతాయి. నున్నటి అలకు సరిపడేలా తయారైన చవక మీటరు వాటి కరెంటును తక్కువ చేసి చూపుతుంది. వీటికి ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న, అల ఏ ఆకారంలో ఉన్నా సరిగా లెక్కగట్టే మీటరు కావాలి, వాట్లు తెలియాలంటే వాట్ల మీటరే కావాలి.

జవాబును ఎంతవరకు నమ్మాలి?

వోల్ట్‌మీటరు 12.0 వోల్టులు, అమ్మీటరు 0.49 ఆంపియరు చూపాయి. కాలిక్యులేటరు 24.4897959 ఓమ్‌లని చెబుతుంది. మొదటి మీటరు ఒక శాతం వరకు, రెండోది రెండు శాతం వరకు తప్పు చూపవచ్చనుకుంటే, భాగహారంలో గరిష్ఠంగా ఆ రెండు శాతాలూ కూడి మూడు అవుతాయి. రాయాల్సిన జవాబు 24.5 ఓమ్‌లు, అటూ ఇటూ 0.7. దశాంశ బిందువు తర్వాత రెండో అంకె నుంచి ఉన్నవన్నీ మీటర్లకు తెలియని సంగతులు.

గుణకారానికీ అదే మూడు శాతం. 5.88 వాట్లు, అటూ ఇటూ దాదాపు 0.18. కరెంటు కొలవకుండా, నిరోధకం మీద రాసి ఉన్న ఓమ్‌లను తీసుకుని వోల్టేజి వర్గంతో వాట్లు లెక్కిస్తే వర్గం వల్ల వోల్టేజి దోషం రెట్టింపై రెండు శాతం అవుతుంది. నిరోధకం ఐదు శాతం రకమైతే దాన్ని కూడా కలపాలి, మొత్తం ఏడు. మూడు సూత్రాలూ కాగితం మీద సమానమే అయినా, చేతిలో ఏ కొలత ఎక్కువ నమ్మకమైనదో చూసి ఎంచుకోవాలి. సామర్థ్యం కావాల్సి వచ్చినప్పుడు వోల్టేజి, కరెంటు రెండూ అదే భాగం దగ్గర, అది పనిచేస్తుండగా కొలవగలిగితే నేరుగా గుణించడమే మేలు. ఏకాంతర విద్యుత్తయితే పవర్ ఫ్యాక్టర్ కలపాలి. నిరోధం ఎంత మారిందన్న బెంగ అప్పుడు ఉండదు, ఆ గుణకారంలో నిరోధం ఎక్కడా లేదు కాబట్టి.